కొమ్ముతో పూడ్చిన మూడు రంధ్రాలు

క్రితం వారం కథ ఆగిన చోట నేను మా పెరట్లో, కాఫీ మొక్కల మధ్య మోకాళ్ళ మీద ఉన్నాను. నా అరచేతిలో ఒక ఇత్తడి ముక్క ఉంది. మా అన్న డెల్ఫిన్ మొహం దగ్గర పేలిన గొట్టానికి అది అడుగు భాగం. ఆరు రోజులుగా ఇంటిల్లిపాదీ వెతికింది దాని కోసమే.

ఆ ఆరు రోజుల ముందు సంగతి తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. తాల్ ఊళ్ళో మా వీధి మడత కత్తుల వీధి. ముత్తాతల నాటి నుంచీ అదే పని. కత్తులు కొనేవాళ్ళు తగ్గిపోయి, మనీలా కుర్రాళ్ళు సిగరెట్ బదులు ఆవిరి పీల్చే, లోపల బ్యాటరీ ఉండే మెక్ గొట్టాలు కావాలని అడగడం మొదలుపెట్టాక, మా నాన్న ఉస్తింగ్, లేత్ మీద వాటినే చేస్తున్నారు. అన్న వాటిని అమ్ముతాడు, ఎవరు పెద్ద ఆవిరి మేఘం వదులుతారో చూసే పోటీలకు వెళ్తాడు. నేను ముందు గదిలో బల్ల వేసుకుని, కొత్తగా వచ్చేవాళ్ళకు ఆవిరి పుట్టించే తీగను కాయిల్‌గా చుట్టడం, బ్యాటరీ చూసుకోవడం నేర్పుతాను. పోయిన బుధవారం పొద్దున అన్న మెడలో వేలాడుతున్న గొట్టం దానంతట అదే ఆవిరి కక్కడం మొదలుపెట్టింది. ఏమైందో చూద్దామని వాడు దాన్ని మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. కింది దవడ, ముందు పళ్ళన్నీ, నాలుకలో కొంత పోయాయి. బతాంగాస్ పెద్దాసుపత్రిలో ఉన్నాడు. ఇక ముందు వాడు ఏం తిన్నా గంజిలాగే తాగాలని, మాట వస్తుందో రాదో చెప్పలేమని అన్నారు.

లిటా చుట్టిన కాయిలే వాడికి ఈ గతి పట్టించిందని వీధంతా అంటోంది. లిటా అంటే నేనే. ఆ మాట మొదట అన్నది మా నాన్న.

ఆ ముక్కను పెరటి కుళాయి కింద కడిగాను. మసి పోయాక ఇత్తడి మెరిసింది. అంచు పొడవునా గొట్టం అరటి తొక్కలా చీలి, వెనక్కి ముడుచుకుని ఉంది. కానీ అడుగున, స్విచ్‌కి పైన, వరసగా మూడు నల్లటి చుక్కలు ఉన్నాయి. గేదె కొమ్ముతో చేసిన చుక్కలు. అవి చెక్కు చెదరలేదు. గోరు పెట్టి గీకితే ఎక్కడ ఇత్తడి ఆగి ఎక్కడ కొమ్ము మొదలైందో తెలియదు. ముక్కను తిప్పి లోపలి వైపు చూశాను.

లోపల కూడా మూడు నల్లటి చుక్కలు ఉన్నాయి.

కుళాయి కట్టేయడం కూడా మరిచిపోయాను.

నా బల్ల దగ్గరికి మొదటిసారి వచ్చేవాళ్ళకు నేను తీగ ముట్టుకోనివ్వను. ముందు ఖాళీ గొట్టం చేతికిచ్చి, లోపలికి చూడమంటాను. "ఏం కనబడుతోంది?" అంటే "ఏం లేదు" అంటారు. "అంతే. ఇందులో బుర్ర లేదు. దుకాణంలో కొనే పెట్టె రకం వాటిలో ఒక చిన్న బుర్ర ఉంటుంది, తేడా వస్తే అదే ఆపేస్తుంది. ఇందులో బుర్ర మీదే" అంటాను. తర్వాత రంధ్రాలు చూపిస్తాను. బ్యాటరీ బాగా వేడెక్కితే లోపలి గాలిని బయటికి తోసేస్తుంది. ఆ గాలికి దారి ఉంటే చెయ్యి కాలుతుంది, చొక్కా కాలుతుంది. దారి లేకపోతే అని మొదలుపెట్టి, అక్కడ ఆపేసేదాన్ని. కొత్తవాళ్ళను భయపెట్టడం ఎందుకని.

ఆ చుక్కలను నేను ముందెప్పుడూ చూడలేదా అంటే, చూశాను. కత్తి పిడి మీద నాన్న వేసే చుక్కల్లాంటి అలంకారమే అనుకున్నాను. గాలి రంధ్రాలు స్విచ్ కింద ఎక్కడో వేసి ఉంటారనుకున్నాను. అడుగు స్విచ్ విప్పి చూడలేదు. మా వీధిలో పెద్ద పనివాడు పని ముగించి పిన్ను కొట్టి ఇచ్చిన వస్తువును విప్పి లోపల చూడటమంటే ఆయన మొహాన ఉమ్మినట్టే. అన్న కూడా చూడలేదు. మేమిద్దరం ఆయన పిల్లలం.

అన్న గొట్టానికి అచ్చం అలాంటిదే జోడీ ఒకటి ఉందని మాత్రం నాకు తెలుసు. రెండూ ఒకే ఇత్తడి కడ్డీ నుంచి తీశారు. ఆ రెండోది ఎవరి చేతికి వెళ్ళిందో నాన్నకే తెలియాలి. ఇంకో మొహం పోయేలోగా దాన్ని వెనక్కి తెచ్చుకోవాలి. అంతకు మించి నాకు ఏ ఆశా లేదు. అన్న దవడ తిరిగి రాదు.

తడి చేతులతోనే పనిశాలకు వెళ్ళాను.

నాన్న సానరాయి దగ్గర కూర్చుని ఉన్నారు. పక్కన బరాకో కాఫీ చల్లారిపోయి, మీద మీగడలా ఇత్తడి పొడి తేలుతోంది. ఆరు రోజులుగా ఆయన తిండి తగ్గించి పని పెంచారు. నన్ను చూడకుండానే అన్నారు, "మళ్ళీ ఏమిటి? ఆసుపత్రికి వెళ్ళే బస్సు పోయిందా?"

"దొరికింది నాన్నా."

"ఏది?"

"అడుగు ముక్క. కాఫీ మొక్కల్లో."

సానరాయి తిరుగుతూనే ఉంది. "అయితే పోలీసులకియ్యి. వాళ్ళే చెప్తారు, తీగ ఎవరు చుట్టారో."

"ఒకసారి చూడండి."

"నేను చేసిన దాన్ని నాకే చూపిస్తావా?"

"లోపలి వైపు చూడండి."

ఆ మాటకు సానరాయి ఆపారు. ముక్క అందుకుని, అలవాటు ప్రకారం కిటికీ వైపు ఎత్తి పట్టారు. మా వీధిలో పనిని అలాగే చూస్తారు. కత్తి మడిచి ఆకాశానికి అడ్డంగా పట్టుకుంటారు. అలుగుకీ పిడికీ మధ్య వెంట్రుకంత వెలుతురు కనిపించినా ఆ కత్తి వెనక్కే. నాన్న ముక్కను అటూ ఇటూ తిప్పారు. ఎక్కడా వెలుతురు రాలేదు. ఒక్క క్షణం ఆయన మొహంలో నేను చూడకూడనిది చూశాను. అది తృప్తి. అంత పేలుడులోనూ తన కొమ్ము ఊడలేదన్న తృప్తి.

ఆయనకూ అది తెలిసినట్టుంది. ముక్కను గబుక్కున బల్ల మీద పెట్టేశారు.

"గాలి రంధ్రాలు ఎందుకు మూశారు నాన్నా?"

"ఎవరు మూశారు? చుక్కలు పొదిగాను."

"అన్న మూడు రంధ్రాలు వేయమన్నాడు. వేశారు. తర్వాత?"

"తర్వాతేమిటి! చూడ్డానికి చెద పట్టిన కర్రలా ఉంది. రంధ్రాలున్న వస్తువు మీద నా పేరు కొట్టాలా? మా నాన్న బతికుంటే ఆ గొట్టంతోనే నా నెత్తి మీద కొట్టేవాడు. మూడు కొమ్ము ముక్కలు దిగ్గొట్టి పాలిష్ పెట్టాను. అప్పుడు చూడు, ఏం అందం! మీ అన్న కూడా ముద్దు పెట్టుకున్నాడు దాన్ని."

"వాడు అవి అలంకారం అనుకున్నాడు."

"అలంకారమే కదా!"

"నాన్నా, ఆ రంధ్రాలు అలంకారం కోసం అడిగినవి కావు. బ్యాటరీకి కోపమొస్తే ఊపిరి వదలడానికి."

"బ్యాటరీకి కోపం!" నాన్న నవ్వారు, అందులో నవ్వేమీ లేదు. "నా భార్యకు కోపం రావడం చూశాను. మా గేదెకు కోపం రావడం చూశాను. బ్యాటరీకి కోపమట. నువ్వు తీగ తక్కువ చుట్లు చుట్టావు, అది మంటెక్కింది. బజారులో అందరూ చెప్తున్నారు. వాళ్ళందరికీ తెలియనిది నీకు తెలుసా?"

"అన్న కాయిల్ నేను రెండుసార్లు కొలిచాను. రెండు తీగలూ కలిపి సున్నా పాయింటు రెండు ఓములు. అంటే నిండు బ్యాటరీ మీద ఇరవై ఒక్క ఆంపియర్లు లాగుతుంది. ఆ బ్యాటరీ ఇరవై ఐదు ఇవ్వగలదు. నా చీటీ బల్ల మీదే ఉంది."

"చీటీలు! మీ తరం అంతా చీటీలు రాస్తారు. మేం చేత్తో చూస్తాం."

అని లేచి, అరలోంచి ఒక గొట్టం తీశారు. వచ్చినవాళ్ళకు చూపించడానికి ఉంచుకున్నది. దాని అడుగున కూడా మూడు నల్ల చుక్కలు. ఇదే ఆ జోడీ అనుకుని నా గుండె కుదుటపడింది. ఇక్కడే ఉంది, ఎవరి చేతికీ పోలేదు అనుకున్నాను. నాన్న అందులో బ్యాటరీ వేసి, పైన కాయిల్ ఉండే తల బిగించి, నోట్లో పెట్టుకున్నారు.

"వద్దు నాన్నా!"

బటన్ నొక్కారు. ఆయన జీవితంలో సిగరెట్ కూడా ముట్టలేదు. ఒక్క పీల్పుకే కళ్ళలో నీళ్ళు తిరిగి, బల్ల పట్టుకుని దగ్గారు. మామిడిపండు వాసన వేసే తెల్లటి ఆవిరి ఆయన తెల్ల జుట్టు మీదుగా పైకి లేచింది.

"పేలిందా?"

"లేదు."

"ఇంకోసారి చూస్తావా?" మళ్ళీ నొక్కారు. మళ్ళీ దగ్గారు. "ఇప్పుడు పేలిందా? చెప్పవేం?"

"ఇది వెయ్యిసార్లు పేలదు నాన్నా. అన్న గొట్టం కూడా ఏడు నెలలు పేలలేదు."

నా మాట ఆయన చెవికెక్కలేదని తెలుస్తూనే ఉంది. కళ్ళ ముందు బాగా పనిచేస్తున్న వస్తువు కంటే నా నోటి మాట ఎవరు నమ్ముతారు? పేలితేనే నా మాట నిజమవుతుంది. పేలకూడదని నేనే కోరుకుంటున్నాను. ఇలాంటి వాదనలో గెలిచే దారి లేదు.

అప్పుడు, ఆరు రోజులుగా ఎవరికీ చెప్పనిది చెప్పాను.

"నాన్నా, తప్పు నాది కూడా ఉంది. కాయిల్‌ది కాదు."

ఆయన దగ్గు ఆపి చూశారు.

"ముందురోజు మధ్యాహ్నం అన్న బ్యాటరీ తెచ్చి చూపించాడు. దాని మీది ప్లాస్టిక్ తొడుగు పై అంచు దగ్గర చిరిగి ఉంది. బియ్యపు గింజంత. కొత్త తొడుగు నా డబ్బాలోనే ఉంది. ఎక్కించి, జుట్టు ఆరబెట్టే మిషన్‌తో వేడి చేస్తే అతుక్కుపోతుంది. రెండు నిమిషాల పని. నా బల్ల దగ్గర ముగ్గురు కొత్తవాళ్ళున్నారు. 'రేపు చేస్తాలే అన్నా' అన్నాను. వాడు 'రేపేలే, ఇవాళ్టికి చచ్చిపోతానా' అని నవ్వుకుంటూ అదే మళ్ళీ లోపల వేసుకున్నాడు."

"అయితే?"

"ఆ తొడుగు లోపలున్న లోహమంతా బ్యాటరీకి ఒక కొస. గొట్టం గోడ స్విచ్‌కి అవతలి కొస, బటన్ నొక్కితేనే ఆ రెండూ కలవాలి. చిరుగు గోడకు తగిలితే ఇక బటన్‌తో పని లేదు. బటన్ లాక్ తిప్పి పెట్టినా దానంతట అదే వెలుగుతుంది. అందుకే వాడు నొక్కకుండానే ఆవిరి వచ్చింది. ఆగకుండా మండి మండి బ్యాటరీ వేడెక్కిపోయింది. అది నేను చేసింది."

నాన్న గొట్టాన్ని బల్ల మీద పెట్టారు.

"నా తప్పుకి వాడి రొమ్ము కాలేది. చొక్కా అంటుకునేది. నెల రోజులు మందు రాసుకుంటూ నన్ను తిట్టేవాడు," అన్నాను. "మీ కొమ్ముకి దవడ పోయింది."

అక్కడున్న పీట మీద కూర్చున్నాను. ఆయన అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది. బల్ల మీది చీలిన ముక్కను మళ్ళీ తీసుకుని, ఒక మేకు మొన పెట్టి, లోపలి నుంచి కొమ్మును తోసి చూశారు. కదల్లేదు. చిన్న సుత్తితో కొట్టారు. కదల్లేదు. గట్టిగా కొట్టారు. ఇత్తడి సొట్టపోయింది కానీ కొమ్ము అలాగే ఉంది. ఇంకా, ఇంకా కొట్టారు. నేను వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"రంపప్పొడి జిగురులో కలిపి పెట్టాను," అన్నారు, ఎవరికో పని నేర్పుతున్నట్టు. "అందుకే రాదు."

"సరే నాన్నా. జోడీ ఇక్కడే ఉంది కదా. దాన్ని విప్పేద్దాం."

"ఏ జోడీ?"

"ఇది. మీ చేతిలో ఇందాకటిది. ఒకే కడ్డీలోంచి తీశానన్నారుగా, రెండు."

నాన్న నా వైపు చూడలేదు. కిటికీ బయట, లోమీ నూడుల్స్ అంగడి దగ్గర పెనం మీద వెల్లుల్లి వేగుతున్న శబ్దం వస్తోంది.

"జోడీ కాదు," అన్నారు. "ఆ కడ్డీ పొడుగుది. పదకొండు చేశాను."

పట్టుకున్న ఆయన చెయ్యి వదిలేశాను.

"చుక్కలున్నవి కావాలని అడిగారు. ఉస్తింగ్ చుక్కలు అని పేరు కూడా పెట్టారు. పక్క ఊరు లెమెరీ తిరునాళ్ళలో అంగడి పెట్టినప్పుడు ఎనిమిది పోయాయి. ఒక్క మధ్యాహ్నంలో."

"ఎవరు కొన్నారు?"

"జనం."

"పేర్లు?"

"తిరునాళ్ళలో పేర్లు ఎవరడుగుతారే! ఒకడు ఎర్ర టోపీ పెట్టుకున్నాడు. ఒకడు పెళ్ళాంతో వచ్చాడు, ఆమె కడుపుతో ఉంది. ఇంకొకడు దుబాయ్ వెళ్తున్నా అన్నాడు." ఆయన గొంతు సన్నబడింది. "నాకు ఆ ఎనిమిది గొట్టాలూ గుర్తే. ఏది ఎక్కడ కాస్త గీత పడిందో కూడా చెప్పగలను. మొహాలే గుర్తులేవు."

ఎనిమిది. ఎవరి జేబుల్లో, ఎవరి మెడల్లో ఉన్నాయో. ఎవరి దగ్గరికి వెళ్ళి ఏమని చెప్పాలి? పోస్టర్ అంటించినా లెమెరీలో అంటించాలి. కొన్నవాళ్ళు ఏ ఊళ్ళ నుంచి వచ్చారో దేవుడికి తెలియాలి. నేను వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. ఎనిమిది, అన్న గొట్టం ఒకటి, అరలోది ఒకటి.

"పది అయ్యాయి నాన్నా. పదకొండోది?"

ఆయన ఏప్రాన్‌కి చేతులు తుడుచుకున్నారు. తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకున్నారు.

"బాదోంగ్‌కి ఇచ్చాను."

బాదోంగ్ మా వీధి ట్రైసికిల్, అంటే మోటారు సైకిల్‌కి పక్క బండి తగిలించింది, నడుపుతాడు. ఆ బుధవారం అన్నను ఆసుపత్రికి తీసుకెళ్ళింది వాడే. అన్న తలను వదిన తన ఒళ్ళో పెట్టుకుని పక్క బండిలో కూర్చుంటే, వాడు హారన్ మీద నుంచి బొటనవేలు తీయకుండా బతాంగాస్ దాకా తోలాడు. బండిలో నెత్తురు తనే కడుక్కున్నాడు.

"ఎప్పుడిచ్చారు?"

"శనివారం."

"ఏ శనివారం?"

"మొన్నటిదే."

"అన్నకు అలా అయ్యాకనా!"

"ఏం ఇవ్వమంటావు వాడికి?" నాన్న ఒక్కసారిగా గొంతు పెంచారు. "డబ్బిస్తే తీసుకోడు. నా కొడుకుని మోసుకెళ్ళాడు. నా దగ్గర నా పని తప్ప ఇంకేముంది ఇవ్వడానికి? ఉన్నవాటిలో మంచిది ఇచ్చాను. నీ తీగ వల్లే అయిందనుకున్నాను కదా!"

"అనుకున్నారా, అనుకోవాలనుకున్నారా?"

నేను అప్పటికే బాదోంగ్‌కి ఫోన్ చేస్తున్నాను. మోగుతోంది, మోగుతోంది. ట్రైసికిల్ ఇంజను చప్పుడులో వాడికి ఫోన్ ఎప్పుడూ వినబడదు. గోడ గడియారం పదింపావు చూపిస్తోంది. రోజూ పదిన్నరకు బాదోంగ్ వదినను ఆసుపత్రి నుంచి తెచ్చి దింపుతాడు. ఆమె స్నానం చేసి, రెండు ముద్దలు తిని, మళ్ళీ వెళ్తుంది. అంటే ఇప్పుడు వదిన వాడి పక్కనే కూర్చుని ఉంది.

పరిగెత్తుకుంటూ వీధి మలుపుకి వచ్చాను. వెనక నాన్న చెప్పుల చప్పుడు వినబడింది. లోమీ అంగడి చయోంగ్ పిన్ని గరిటె ఎత్తి, "ఏమ్మోయ్ లిటా, ఎవరి మొహం పేల్చడానికే ఆ పరుగు?" అంది. బల్లల దగ్గర తింటున్న ఇద్దరు నవ్వి, నాన్నను చూసి నవ్వు ఆపుకున్నారు.

ట్రైసికిల్ కనబడింది. చర్చి వైపు నుంచి, గుంతల్లో పడుతూ లేస్తూ వస్తోంది. పక్క బండిలో వదిన తల రేకుకి ఆనించి నిద్రపోతోంది. నేను రోడ్డు మధ్యలో నిలబడి రెండు చేతులూ ఊపాను. బాదోంగ్ బ్రేకు వేశాడు.

"ఏంటమ్మాయ్, చావాలనుందా? నీకు మోక్షం కావాలంటే బస్సు కింద పడు, నా బండికి ఇంకా వాయిదాలున్నాయి!"

"గొట్టం ఎక్కడ?"

"ఏ గొట్టం?"

"నాన్న ఇచ్చింది!"

"ఓ, అదా." వాడు చొక్కా లోపల చెయ్యి పెట్టి తాడు లాగాడు. "నేనే నిన్ను అడుగుదామనుకున్నా. ఇందాక చర్చి దగ్గర పెద్ద గుంతలో పడ్డాం. అప్పట్నుంచీ రొమ్ము దగ్గర చురుక్కుమంటోంది. లాక్ తిప్పే ఉందిలే, నాకా మాత్రం తెలుసు. నువ్వేగా నేర్పావు."

తాడు చివర ఇత్తడి గొట్టం ఊగింది. దాని మూతి నుంచి సన్నగా నల్లటి పొగ వస్తోంది, కాయిల్‌లో పెట్టే దూది మాడిన వాసనతో. లాక్ తిప్పే ఉంది.

"బ్యాటరీ ఎక్కడిది?" అన్నాను, వాడి మెడలోంచి తాడు తీస్తూ.

"నా పాతదే. ఎందుకలా చూస్తావు, బాగానే ఉంది. తాళంచెవులతో పాటు జేబులో పడేసుకు తిరుగుతా, ఎప్పుడూ ఏమీ కాలేదు."

"వదినను లేపి దింపు. దూరంగా తీసుకెళ్ళు."

"ఎందుకు?"

"దింపు బాదోంగ్!"

నా గొంతులో ఏం విన్నాడో, మారు మాట్లాడకుండా దిగాడు. నేను గొట్టం పైభాగాన్ని పట్టుకున్నాను. తల విప్పేస్తే చాలు. బ్యాటరీకీ కాయిల్‌కీ సంబంధం తెగిపోతుంది, మంట ఆగుతుంది. కొత్తవాళ్ళకు రెండో పాఠం అదే చెప్తాను. అనుమానం వస్తే ఆలోచించొద్దు, తల విప్పు. లంగా అంచు చుట్టి, బిగించి తిప్పాను. కదల్లేదు. వేడికి ఇత్తడి ఉబ్బి మరలు పట్టేశాయి. నాన్న కోసిన మరలు, వెంట్రుకంత సందు లేనివి. గుడ్డలోంచి వేడి నా అరచేతికి దిగుతోంది. మళ్ళీ తిప్పాను. అంగడిలో జనం లేచి నిలబడ్డారు. ఎటు విసరాలి? ఇటు అంగడి, అటు ఇళ్ళు, ఎదురుగా ట్రైసికిల్ ట్యాంకు.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి గొట్టాన్ని నా చేతుల్లోంచి లాక్కుంది.

నాన్న తోలు ఏప్రాన్ విప్పి దాన్ని చుట్టారు. "మరలు కోసింది నేను," అన్నారు. "ఎక్కడ పట్టుకుంటే వస్తుందో నాకు తెలుసు."

"రాదు నాన్నా, వేడికి పట్టేసింది! అంగడి వెనక చెరుకు చేలోకి పారెయ్యండి!"

ఆయన అప్పటికే నడుస్తున్నారు. పరిగెత్తలేదు. అంగడి పక్క సందులోంచి, నరికేసిన చెరుకు మోళ్ళ మధ్యకి, మా అందరికీ వీపు పెట్టి, గొట్టాన్ని పొట్టకు ఆనించుకుని నడిచారు. వదిన నిద్ర కళ్ళతో "ఏమైంది? మామయ్య ఎక్కడికి వెళ్తున్నారు?" అంటోంది. బాదోంగ్ ముందుకు ఉరికితే చొక్కా పట్టుకుని ఆపాను. ఎలా ఆపగలిగానో నాకే తెలియదు. ఆపినందుకు ఇంకా ఎన్నేళ్ళు నన్ను నేను నిలదీసుకుంటానో కూడా తెలియదు.

చేను మధ్యలో నాన్న ఆగారు. మోచేతులు కదులుతున్నాయి. లేత్ దగ్గర గట్టి పని పడ్డప్పుడు ఆయన భుజం అలాగే ఒకవైపు దిగుతుంది.

"పారెయ్యండి నాన్నా!"

పారెయ్యలేదు. ఆయన తన చేతి పనిని ఎన్నడూ నేలకేసి విసిరిన మనిషి కాదు. ఆఖరుసారి భుజం దిగింది. అప్పుడు చేను మధ్య నుంచి ఈల లాంటి సన్నటి శబ్దం మొదలైంది. ఎక్కడా సందు లేని గొట్టంలో గాలి దారి వెతుక్కుంటున్న శబ్దం. అది విని నాన్న ఒక్కసారి వెనక్కి తిరిగి, నా వైపు చూశారు.